మూడో గడి

అక్క డ్యూటీ నుంచి వచ్చి సంచిలోంచి నీళ్ళ సీసా తీసి సింకు పక్కన పెట్టింది. పొద్దున ఎంత నిండుగా వెళ్ళిందో అంత నిండుగానే తిరిగొచ్చింది. చెల్లెలికి ఒళ్ళు మండింది.

"రోజంతా బస్సు నడిపి గుక్కెడు నీళ్ళు తాగలేదా? ఆ కిడ్నీలు నీవా, అరువు తెచ్చుకున్నావా?"

"తాగితే ఎక్కడికెళ్ళనే? ఆఖరి స్టాపులో పది నిమిషాలు ఆగేవాళ్ళం. బాత్రూం ఉన్నది అక్కడే. ఆ పది నిమిషాలూ పోయి ఆరు నెలలైంది. వెళ్ళీ వెళ్ళగానే బండి తిప్పుకుని రావడమే."

"ఆరు నెలలా? నాతో చెప్పవేం?"

"ఏమని చెప్పను? ఇదేమన్నా నలుగురిలో చెప్పుకునే సంగతా? డిపోలో అడిగితే ఒకటే మాట, కంప్యూటర్ తీసేసింది అని."

"కంప్యూటర్ తనంతట తాను ఏదీ తీయదక్కా. వెనక ఎవరో ఒకరుంటారు."

"మీ ఆఫీసు వాళ్ళేగా. ఆ ఒకరిని పట్టుకురా. కడుపు నిండా చివాట్లు పెట్టి పంపిస్తా."

బస్సుల డ్యూటీ చార్టు వేసే సాఫ్ట్‌వేర్ తయారయ్యేది చెల్లెలి ఆఫీసులోనే. ఆమె ఏ కాలేజీలోనూ ఆ చదువు చదవలేదు. టికెట్ కౌంటర్లో కూర్చుని, ఖాళీ దొరికినప్పుడల్లా నేర్చుకుని పైకొచ్చింది. ఆఫీసులో రెండు జట్లు. డిపోల్లో తిరిగి డ్రైవర్ల మాట విని కోడ్ రాసేది కింది జట్టు. ఏసీ గదిలో కూర్చుని, బస్సు ఒక్క నిమిషం కూడా ఊరికే నిలబడకూడదని రాసేది పై అంతస్తు జట్టు. రెండు జట్లూ ఒకే ప్రతి తీసుకుని ఎవరికి వారు మార్చుకుంటారు, మూడు నెలలకోసారి ఆ రెండు రాతలనూ ఒకటిగా కలపాలి. కోడ్‌లో ఒకే వరసను ఇద్దరూ చెరో రకంగా మార్చి ఉంటే యంత్రం చేతులెత్తేస్తుంది, మీ తగాదా మీరే తేల్చుకోండి అంటుంది. ఆ తేల్చే పని ఈమెది. అందుకే అందరూ ఆమెను తగాదాలమ్మ అంటారు.

తగాదాలన్నీ ఒక్కొక్కటే చదివితే కళ్ళు పోతాయి. అందుకని కిందటేడు ఒక ప్రోగ్రాం రాసింది. అసలు ఫైళ్ళను ముట్టుకోకుండా, పక్కన ఉత్తుత్తిగా కలిపి చూస్తుందది. తగాదా పడ్డ ప్రతి చోటా ఎడమ గడిలో కింది జట్టు రాత, కుడి గడిలో పై జట్టు రాత చూపిస్తుంది. ఒక్క వరస తేడా ఉన్న చిన్నవైతే తానే తీర్పు చెప్పేస్తుంది. ఏది కొత్తగా రాసిందైతే అది నెగ్గుతుంది. మూడు రోజుల పని మూడు గంటల్లో తెమిలిపోయింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఆమె కూడా పొంగిపోయింది.

మర్నాడు ఆఫీసులో అరవై మూడు తగాదాలు బయటపడ్డాయి. నాలుగింటిలోపు కలిపేయాలని మేనేజర్ హుకుం. నలభై ఒకటో దాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఎడమ గడిలో ఉంది: రెండు డ్యూటీల మధ్య పది గంటల విశ్రాంతి, బస్సు తాళాలు అప్పగించినప్పటి నుంచి లెక్క. కుడి గడి ఖాళీ. ప్రోగ్రాం తీర్పు: కుడి వైపుదే కొత్తది, ఖాళీయే నెగ్గింది.

చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? కింది జట్టు కొత్తగా ఏదో కోరిక పెట్టింది, పై జట్టుకు అది అక్కర్లేదు, అంతే. ఆమెకూ ఇన్నాళ్ళూ అలాగే అనిపించింది. ఇవాళ మాత్రం ఆ నీళ్ళ సీసా కళ్ళ ముందు కదిలింది. రెండు జట్ల రాతా విడిపోకముందు ఆ వరస ఎలా ఉండేదో తవ్వి చూసింది.

ఉంది. పది గంటల విశ్రాంతి మొదటి నుంచీ ఉంది. కింది వాళ్ళు దానికి తాళాల మాట చేర్చారు. పై వాళ్ళు వరసకు వరసే పీకేశారు. ఈమె ప్రోగ్రాం ఏం చేసింది? సంచి లాక్కున్నవాణ్ణీ పోగొట్టుకున్నవాణ్ణీ పక్కపక్కన నిలబెట్టి, ఇద్దరూ కొట్టుకుంటున్నారని రాసుకుంది. ఆ సంచి ముందు ఎవరి భుజాన ఉందో అడగనే లేదు.

భోజనం మానేసి కూర్చుని, మధ్యలో మూడో గడి పెట్టింది. విడిపోకముందు ఉన్న రాత అందులో కనబడుతుంది. ఉన్న నియమం ఏ వైపునైనా మాయమైతే తీర్పు చెప్పకుండా ఆగిపొమ్మని ప్రోగ్రాంలో రాసింది. మళ్ళీ నడిపింది. అరవై మూడింటిలో తొమ్మిది అలాంటివే.

అక్కడితో ఊరుకోలేకపోయింది. ఇంతకుముందు కలిపినవాటి మీద కూడా దాన్ని నడిపింది. ఆరు నెలల కిందటిది తెర మీదికొచ్చింది. మధ్య గడిలో: ఆఖరి స్టాపులో పది నిమిషాల విరామం. ఎడమ గడిలో: బస్సు ఆలస్యంగా వచ్చినా విరామం ఇవ్వాలి. కుడి గడి ఖాళీ. కలిపినవారు అన్నచోట ఆమె పేరే ఉంది.

తేదీ కూడా సరిచూసుకుంది. తర్వాత టకటకా ఏదో టైపు చేసింది.

మూడున్నరకు మేనేజర్ వచ్చాడు.

"ఏం తగాదాలమ్మా, అయిందా?"

"యాభై నాలుగు అయ్యాయి సార్. తొమ్మిది కావు."

"వాటినీ కొత్తదానికే వదిలేయ్. మన పద్ధతేగా."

"ఆ పద్ధతే తప్పు సార్. ఇవి తగాదాలు కావు, డ్రైవర్లకు ఉన్నవి పీకేసినవి. మధ్య గడి చూడండి."

అతను చూశాడు. మెడ గోక్కున్నాడు. "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదుగా?"

"కంప్యూటర్ తీసేసింది అంటే ఎవరిని అడుగుతారు సార్?"

"ఆ ప్రోగ్రాం రాసింది నువ్వేనమ్మా. సంగతి బయటికి పొక్కితే ముందు పోయేది నీ పరువే."

"పొక్కడమేంటి, నేనే చెప్పేశా. ఆరు నెలల కిందట నేను చేసిన తప్పు మొదటి వరసలో పెట్టి, ఈ పట్టిక రెండు జట్లకూ డిపోకూ పంపించేశా."

మేనేజర్ గడియారం చూసుకున్నాడు. "తొమ్మిదీ పక్కన పెట్టి మిగతావి కలుపు. సోమవారం అందరం కూర్చుందాం."

"మరి ఆ పది నిమిషాలు?"

"అదీ సోమవారమే," అని తలుపు ధడాలున వేసుకుని పోయాడు.

సాయంత్రం అక్క వచ్చి, నిండు సీసా మామూలుగానే సింకు పక్కన పెట్టింది.

"ఆ ఒకరు దొరికారక్కా," అంది చెల్లెలు.

"ఎవడు వాడు?"

"నేనే."

జరిగిందంతా చెప్పింది. అక్క బూటు లేసు విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది. చివాట్లు పెట్టలేదు. పెడితే బాగుండేది.

"ఆరు నెలలు," అంది చివరికి. "రోజూ నీ పక్కన కూర్చునే తిన్నా కదే."

"నాకు తెలీదక్కా."

"తెలుసుకున్నావా? లోకంలో తగాదాలన్నీ తీరుస్తావట. పెద్ద పేరు!" రెండో బూటు విప్పి గోడ వారకు విసిరింది. "సోమవారం మీ మీటింగులో మా డ్రైవర్లు ఎవరన్నా ఉంటున్నారా?"

లేరు. ఆ మాట చెల్లెలికి తట్టనే లేదు.

"లేరుగా? నేనొస్తా. ఎవరు అడ్డమొస్తారో చూస్తా. నీ మూడు గడులూ పట్టుకుని నా పక్కన కూర్చో. మాట్లాడేది నేను."

మర్నాడు పొద్దున చెల్లెలు సీసా నింపి గుమ్మం దగ్గర అందించబోయింది. అక్క అందుకోలేదు.

"ఉత్తి బరువు మోయడం ఎందుకే? ఆ పది నిమిషాలూ వచ్చాక నింపు," అని మెట్లు దిగింది.