ఉత్తరానికి వాలిన ఫలకాలు

తప్పు దిక్కుకు నిలబెట్టిన సౌర ఫలకాలకు, వాటిని తుడిచే మనిషి ఎలా బాధ్యురాలవుతుంది? కొల్లేటికోటలో నేనీ ప్రశ్న అడిగి వారాలు గడిచాయి. జవాబు రాలేదు.

అక్కడి మంచినీళ్ల ప్లాంటు సోలార్ కరెంటుతో నడుస్తుంది. కొల్లేటి నీరు తాగడానికి పనికిరాదు గనుక ఊరంతా ఆ కుళాయి దగ్గరకే రావాలి. ప్లాంటు కట్టిన ఇంజనీరు ఫణీంద్ర ఏలూరు కాలేజీలో నా దగ్గర ఫిజిక్సు చదివినవాడు. వచ్చి చూడమని అతడే పిలిచాడు. నేను వెళ్లేసరికి ప్లాంటు ముందు ఊరి కమిటీ కూర్చుని ఉంది. ఎదురుగా, నిచ్చెన పక్కన, ప్లాంటు చూసుకునే స్టెల్లా నిలబడి ఉంది. చలికాలం మొదలైనప్పటి నుంచి అందరి బిందెలూ నిండకముందే మోటారు ఆగిపోతోందట. గూడబాతుల రెట్ట ఆమె సరిగా తుడవనందువల్లే కరెంటు తగ్గిందని ఆరోపణ.

తలెత్తి ప్లాంటు కప్పు మీదికి చూశాను. ఫలకాలు అద్దాల్లా మెరుస్తున్నాయి. అన్నీ ఉత్తరానికి వాలి ఉన్నాయి.

చలికాలంలో సూర్యుడు మనకు దక్షిణంగా నడుస్తాడు. ఉత్తరానికి వాల్చిన ఫలకం మీద ఎండ ఏటవాలుగా జారిపోతుంది. ఈ సంగతి ఫణీంద్ర పరీక్షలో తప్పు లేకుండా రాశాడు; ఆ పేపరు దిద్దినది నేనే.

అతణ్ణి పక్కకు పిలిచి అడిగాను. ప్లాంటుకు స్థలమిచ్చిన కమిటీ పెద్ద అబ్బాయిరాజుగారు దక్షిణం యముడి దిక్కని, తాగే నీళ్ల దగ్గర దేన్నీ అటు ముఖం పెట్టనివ్వనని అన్నారట.

“తెలుసు మేడం. పెద్దాయన మాట కాదనలేకపోయానండి.”

“అదే ఇప్పుడు కమిటీకి చెప్పు.”

అతడు మోటారు చూసే నెపంతో లోపలికి వెళ్లిపోయాడు.

నేనే చెప్పాను, తుడిచే మనిషిది తప్పెలా అవుతుందని అడిగాను. అబ్బాయిరాజుగారు నాకు కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, ఎంతో మర్యాదగా విన్నారు. తర్వాత స్టెల్లా వైపు తిరిగారు.

“మేడంగారు అంత దూరం నుంచి వచ్చి పాఠం చెప్పాల్సొచ్చింది. నువ్వు కాస్త గట్టిగా తుడిచుంటే ఆవిడకీ శ్రమ ఉండేదా అమ్మా?”

కొందరు నవ్వారు. స్టెల్లా నవ్వలేదు.

“ప్యానెళ్లయితే తుడవగలనండి. సూర్యుణ్ణి ఇటు తిప్పడం నా వల్ల కాదండి.”

ఆమె దగ్గర్నుంచి ప్లాంటు తాళాలు తీసేసుకున్నారు. ఇప్పుడు వేరొకరు తుడుస్తున్నారు. మోటారు మాత్రం ఎప్పటిలాగే ఆగిపోతోంది. స్టెల్లా చేపల చెరువుల మీద కూలికి వెళ్లివచ్చి, అదే కుళాయి ముందు బిందెతో నిలబడుతోంది.

మీ ఊరి ఫలకాలు ఎటు చూస్తున్నాయో ఇవాళే వెళ్లి చూడండి. ఉత్తరానికైతే, తుడిచేవాళ్లను వదిలిపెట్టి, నిలబెట్టినవాళ్లను పిలిపించి, వాళ్ల చేతే దక్షిణానికి తిప్పించండి.