తేనెటీగ ముల్లు, టేకు ముల్లు

ఆ జంతు ప్రదర్శనశాలలో అక్కది తేనెటీగల గది, చెల్లెలిది టేకు చేపల తొట్టె. టేకు అంటే చేటంత వెడల్పు చేప, తోక మీద రంపం లాంటి విషపు ముల్లు. “నీ పురుగులు ఒక్కసారి కుట్టి చస్తాయి. నా చేపకి ముల్లు విరిగితే కొత్తది మొలుస్తుంది” అని చెల్లెలు గొప్పలు పోయేది. “అయితే తేనె పెడుతుందేమో అడుగు” అని అక్క నోరు మూయించేది. చేపల సంగతులు ఆవిడ ఏనాడూ చెవిన పెట్టలేదు.

ఆ ఉదయం తొట్టె శుభ్రం చేస్తూ చెల్లెలు కాలు జారి, ఇసుకలో నక్కి ఉన్న చేప మీద పడింది. కేక విని అక్క పరుగెత్తుకొచ్చేసరికి, చెల్లెలు ఎలాగో పాకుతూ తొట్టె బయటికొచ్చి నేల మీద పడి ఉంది. తొడలో దిగబడి విరిగిన ముల్లు.

అక్క చెయ్యి దానంతటదే ముల్లు మీదికి పోయింది. తేనెటీగ ముల్లుకి విషపు తిత్తి అంటుకునే ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ విషం ఎక్కుతుంది కనక చటుక్కున పీకెయ్యాలి. ఇన్నేళ్ళుగా ఆ చేతికి పట్టుబడిన విద్య అదొక్కటే.

“లాగకక్కా! ఆ ముల్లుకున్న రంపపు పళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి. వస్తూ వస్తూ లోపలంతా చీల్చేస్తుంది.”

“విషం ఎక్కుతోందే పిచ్చిదానా!”

“ఎక్కనీ. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి...” అంటూనే చెల్లెలు కళ్ళు తేలేసింది.

అక్క ఫోన్ చేసింది. ఇక వద్దనేవాళ్ళెవరూ లేరు. చెల్లెలు తెలిసి చెప్పిందా, నొప్పికి భయపడి అందా? పెదవులు తెల్లబడుతున్నాయి. పీకేస్తే బతుకుతుందేమో, పీకకపోతే తన ఒళ్ళోనే పోతుందేమో. అక్కకి ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. ముల్లు చుట్టూ తువ్వాలు అదిమిపట్టింది. వేళ్ళు మళ్ళీ ముల్లు మీదికి పోయాయి. పళ్ళు బిగించి చేతిని వెనక్కి తీసుకుంది.

ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలోంచి డాక్టరు బయటికొచ్చింది. “గండం గడిచిందమ్మా. ముల్లు పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది. అక్కడే లాగి ఉంటే దారిలోనే ప్రాణం పోయేది.”

అక్క బెంచీ మీద కూలబడి, తన కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంది. చెల్లెలు కళ్ళు తెరిచిందని నర్సు వచ్చి చెప్పేదాకా దాన్ని వదల్లేదు.