అణియం మీద వైసు

నేను ఒక వైసుని. ఇనుమును రెండు దవడల మధ్య బిగించి కదలకుండా పట్టుకోవడం నా పని. ఇతరులను కదలనివ్వని నాకు మాత్రం ఒక్కచోట కుదురుగా ఉండే రాత లేదు.

నన్ను పోతపోసింది ఎక్కడో పంజాబులో. ఊహ తెలిసింది కాకినాడలో, ఒక లారీల షెడ్డులో. అక్కడ బల్లకు బోల్టులతో బిగించారు. మనుషులు నా మీద సుత్తులు మోగించారు, టీ గ్లాసులు పెట్టారు, వాళ్ల చేతివేలు నలిగితే నన్నే తిట్టారు. అయినా నేను సుఖపడిన కాలం అదే. షెడ్డు మూతపడ్డాక యజమాని నన్ను మెకానిక్కు ధర్మారావుకు ఇచ్చేశాడు.

ధర్మారావుకు షెడ్డు లేదు. భార్య వీరవేణికి తండ్రి వదిలివెళ్లిన కర్ర పడవ ఉంది. "ఇంజను చెడిన పడవ మన దగ్గరికెలా వస్తాది? మనమే దాని దగ్గరికెళదాం" అన్నాడతను. అలా పడవే షెడ్డయింది. వీరవేణి పాత వల ముక్కలతో సంచులు కుట్టి, పానాలూ ఆకురాళ్లూ దొర్లిపోకుండా వాటిలో వేలాడదీసింది. డీజిలు డబ్బా వెనక, పనిముట్ల పెట్టె మధ్యలో. నన్నెక్కడ పెట్టాలన్న దగ్గర మొగుడూ పెళ్లాలకు చెడింది.

నా బరువుకు ఆగే దిట్టమైన దుంగ అణియంలోనే, అంటే పడవ ముక్కు దగ్గరే ఉంది. అక్కడ వాళ్లు చెప్పుకాలు మోపరు. శుక్రవారం శుక్రవారం గంగమ్మకని పసుపు రాసి బొట్టు పెట్టే చోటది. ధర్మారావు చెక్కకు చిల్లులు పెట్టే బర్మా తీయగానే వీరవేణి అడ్డం నిలబడింది.

"మా నాన్న పడవ అణియానికి సిల్లెడతావా? నేను బతికుండగా పెట్టనివ్వను."

"మరి దీన్ని దేంతో నిలబెట్టమంటావే?"

"తాడుతో. తుపానులో పడవల్నే కడతాం, ఈ ఇనప ముక్క ఒక లెక్కా?"

వలవాళ్లకు ముడి మీదున్నంత నమ్మకం మరి దేని మీదా ఉండదు. ముడి చక్కగానే వేసింది, ఒప్పుకోవాలి. కానీ అల వచ్చినప్పుడల్లా తాడు కాస్త సాగేది, నేను కాస్త తిరిగేవాణ్ణి. నాకు తల కొట్టేసినట్టుండేది. ధర్మారావు గొణుక్కుంటూ, మోకాలితో నన్ను నొక్కిపెట్టి పని లాక్కొచ్చేవాడు.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం వీరవేణి తమ్ముడు పోలిరాజు పడవ, గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆగిపోయింది. కబురందగానే వెళ్లాం. నీళ్లలో తిరిగే ఫ్యానును పట్టి ఉంచే పిన్ను విరిగిపోయింది. లంగరు జారుతోంది. వెనకే అలలు విరిగిపడే ఇసుక మేట. లాక్కుపోవడానికి మా ఇంజనుకు బలం చాలదు. పడవ వదిలి రమ్మంటే పోలిరాజు వినడు. కొత్త పిన్ను చేయడం ఒక్కటే దారి.

ధర్మారావు చువ్వను నా దవడల్లో బిగించి రంపం ఆడించాడు. నేను తిరిగాను, బ్లేడు విరిగింది. ఇక మిగిలింది ఒక్క బ్లేడే.

"బావా, లంగరు ఆగట్లేదు!" పోలిరాజు అరిచాడు.

నాకు భయమేసింది. ఇనుముకు భయమేమిటని నవ్వకండి.

వీరవేణి కత్తి తీసి తన ముడిని తానే తెగ్గోసింది. బర్మా మొగుడి చేతికివ్వలేదు. పసుపు మరకల మధ్య మొన ఆనించి తనే తిప్పింది. "నాన్నా, కోప్పడకు" అంటూనే తిప్పింది. చెక్కపొట్టు పచ్చగా రాలింది. బోల్టులు దిగాయి. ఈసారి నేను రవ్వంత కూడా కదల్లేదు. పిన్ను తయారై, అవతలి ఇంజను దగ్గి దగ్గి అందుకునేసరికి పోలిరాజు మేట అంచున ఉన్నాడు, అక్కణ్ణుంచే బయటపడ్డాడు.

తర్వాతి శుక్రవారం నుంచి పసుపు నాకే రాసేది.

ఇప్పుడా పడవ లేదు. పుచ్చిపోతే విప్పేశారు. నా బోల్టులు తుప్పుపట్టి ఊడిరాకపోతే, అణియం ముక్కతో సహా కోసి ఇంటి అరుగు మీద పెట్టారు. నేల కదలదు. ఇన్నాళ్లూ కోరుకున్న కుదురు ఇదే. అయినా తోచదు, అల కోసం ఒళ్లంతా పీకుతూ ఉంటుంది.

శుక్రవారం వీరవేణి వస్తుంది. నాకూ, నా కింద ఉన్న చెక్కకూ పసుపు రాస్తుంది. తర్వాత రెండు చేతులతో నన్ను పట్టుకుని గట్టిగా ఊపి చూస్తుంది. కదలకపోతే నిశ్చింతగా లోపలికి వెళ్లిపోతుంది. ఇంకాసేపు ఊపితే బాగుండునని నాకుంటుంది.