తాడు దాటిన దండు

తుపాను వెలిసిన పిదప మార్గశిరమాసారంభమున నొకనాటి ప్రాతఃకాలమందు మబ్బుతునుకయైన లేని యాకాశము క్రింద నీలోజ్జ్వలతరంగమాలికాశోభితమగు తూర్పు సముద్రము విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు బోవు తీరమార్గమును శీతలశీకరములచే దడుపుచు నెఱ్ఱమట్టిదిబ్బలపై బ్రసరించు బాలభానుకిరణములతో మేలమాడుచుండెను.

అంతటి సొగసును చెవులు చిల్లులుపడు ఘోషతో జీల్చుకొనుచు మోటారుసైకిళ్ల దండొకటి వచ్చుచుండెను. దాని నాయకుడు తేజోమూర్తి. నగరమున నేలకు బఱచు పలకల వ్యాపారియగు నీతడు ఆదివారములందు మాత్రము దిగ్విజయయాత్రాధురంధరుడు. నాయకుని మించి యెవ్వరును ముందునకు బోరాదనియు, కడపటి బండి వచ్చి కలియనిదే యెవ్వరును విడిదినుండి కదలరాదనియు నతడు దండునకు నియమము విధించి బయలుదేఱునప్పుడెల్ల దానిని అందఱిచేతను పలికించుచుండెను. ఆ కడపటి బండి మందులదుకాణము నడుపుకొను సువర్చల యను యువతిది. వెనుకబడినవారికి దోడుగా నిలుచుట యామె పని.

ఆనాడు తేజోమూర్తికి దొందర మిక్కుటము. భీమిలి యావల సముద్రము వెనుకకు దీసినప్పుడు బయల్పడు తడియిసుకపై దండంతయు నొక్క బండియు దగ్గక బారులుదీరి పరుగెత్తుచుండగా డ్రోనుకెమెరాతో జిత్రము దీయించుటకు నొకనిని గుదిర్చియుండెను. పోటు వచ్చినచో నా యిసుక మునిగిపోవును.

నడుమ నొక జాలరిపేటయొద్ద బాటకడ్డముగా నడుమెత్తున దాడొకటి బిగిసియుండెను. తుపాను తీరపుటిసుకను గోసికొనిపోవుటచే పెద్దవలను ఒడ్డునుండి తాటితో లాగువారు బాటను దాటి సరుగుడుతోట వఱకు వెనుకకు నడువవలసివచ్చెను. ఆ వల సూరాడ కామమ్మది. పాతవల తుపానున గొట్టుకొనిపోగా నప్పు చేసి నూలుదెచ్చి తన చేతులతో నల్లుకొన్న క్రొత్తవలను ఆమె యానాడే తొలిసారి సముద్రమున వేయించెను. తొలివలకు దాడు పట్టుటకు బేటవారందఱు వచ్చుట యచటి యాచారము. చేపలు పడెనా, వారు మఱునాడును వత్తురు. పడలేదా, కలిసిరాని వలయని వేఱొకరి తాటికి బోవుదురు. కావున కామమ్మ బ్రదుకంతయు నా తాటిమీదనే యుండెను.

ఆమె చేయెత్తి దండు నాపెను.

"కుసింతసేపాగండి బాబూ. తాడు సడలితే సేపలెల్లిపోతాయి. వల ఒడ్డుకొచ్చీసినాక ఎల్దురుగాని."

"అరనిమిషం పనమ్మా, కిందకి దించండి," అని తేజోమూర్తి చేతిగడియారము వంక జూచెను.

"దించలేం బాబూ."

వాడు బండిని గొంత వెనుకకు నడిపి యొక్కపెట్టున వేగమెత్తించి తాటిమీదికే వచ్చెను. దించకపోయిన తాడు దాకి తన ప్రాణము పోవునని వాడెఱుగును. పోనీయరనియు నెఱుగును. ఆ ధైర్యముతోనే వచ్చెను. తాడు పట్టినవారు ప్రాణభయమున గేకలువేసి తాటిని నేలకు దించిరి. వాని చక్రములు దానిని ద్రొక్కిపోయెను. వాని వెనుకవారును, సిగ్గన్నది లేక, ఒకరివెంట నొకరు ద్రొక్కిపోయిరి. అల్లంత దూరమున సముద్రములో వల యొకవైపు వ్రాలెను. ఆ వైపునుండి వెండిమెఱుపులు చెదరిపోవుట యొడ్డుననున్నవారికి స్పష్టముగా గనబడెను.

సువర్చల తాడు దాటలేదు. బండి నిలిపి శిరస్త్రాణము దీసి బాటప్రక్క బెట్టి తాడు పట్టుకొనెను. ఎవరును వలదనలేదు. కొంతసేపటికి జేబులో ఫోను మ్రోగెను. పిలిచినవాడు తేజోమూర్తి.

"ఎక్కడున్నావు? నీకోసమే ఆగాం. పోటొచ్చేస్తోంది!"

"తాడు దగ్గరున్నాను. కడపటి బండి రాకుండా కదలకూడదన్నది మీరే కదా. ఆగండి."

"తమాషాగా ఉందా నీకు?"

"లేదు. ఒళ్లు మండిపోతోంది," అని యామె ఫోను కట్టివేసెను.

వల యొడ్డునకు వచ్చుసరికి బొద్దెక్కెను. అడుగున బుట్టెడైనను లేని చేపలు కొట్టుకొనుచుండెను. పేటవారొకరి మొగములొకరు చూచుకొని వాటాలు వేసికొనిరి. కామమ్మ రెండు కానాగంత చేపలు తెచ్చి సువర్చల చేతిలో బెట్టబోయెను.

"వద్దమ్మా. మీకే లేవు."

"తాడట్టుకున్నోలకి వాటా. పుచ్చుకోవాల."

సువర్చల చేతులు చాచెను. అరచేతులయందు తోలు లేచియుండెను.

అంతలో దేజోమూర్తి కన్నులెఱ్ఱజేసికొని దండుతో దిరిగివచ్చెను. చిత్రము దీయువాడు వెడలిపోయెను, ఇసుక మునిగెను. వాడు సువర్చలను దిట్టబోయి చుట్టును మూగినవారిని జూచి తగ్గి జేబునుండి నోట్లు దీసి కామమ్మవైపు జాచెను. ఆమె చేయి చాపలేదు.

"నాకు డబ్బులెందుకు బాబూ. రేపు తాడట్టుకోడానికి మనుసులు కావాల. తేగలవేటి?"

వాడు నోట్లను మరల జేబులో బెట్టుకొని బండియెక్కెను. కడపటి బండికొఱకు వేచియుండక దండంతయు వెడలిపోయెను. నియమము చిత్రమున్నంతవఱకే!

మఱునాటి తెల్లవాఱుజామున సువర్చల దుకాణము తెఱువక యా యొడ్డునకు వచ్చెను. పేటవారందఱు దూరమున వేఱొక తాడు లాగుచుండిరి. కామమ్మ యొక్కతెయే తన తాటిచుట్ట ప్రక్కన గూర్చుండియుండెను.

"ఒచ్చీసినావా," అనెను. "ఇద్దరివల్ల అవదమ్మా."

"తెలుసు," అని సువర్చల యామె ప్రక్కన గూర్చుండెను.

సముద్రము హరించిన వలను మనుష్యులు మరల నల్లుకొనవచ్చును. మనుష్యులు ద్రొక్కిన తాటికి మాత్రము చేతులు కఱవగును. అట్టిచోట శాంతింపుమని చెప్పువారు చెప్పుదురు గాక, సువర్చల కోపము నేటికిని జల్లాఱలేదు. చల్లాఱవలసిన పనియు లేదు.