జబ్బు చేతికి, ఆకురాయి నాకు

నేను ఒక లేసు సూదిని. మొదట్నుంచీ సూదిని కాను, చిరిగిపోయిన నల్లగొడుగులో ఊచని. నరసాపురం దగ్గర ఓ ఊళ్లో కమ్మరం చేసే ఆచారి గారు నన్ను జానెడు పొడవున తెంపి, కొసన ఆకురాయితో కొక్కెం దిద్ది, ఒక పెద్దావిడ చేతిలో పెట్టారు. వానకు తడిసే ఉద్యోగం పోయి దారం లాగే ఉద్యోగం వచ్చింది. నేనేమీ బాధపడలేదు.

కళ్లు మసకబారాక ఆవిడ నన్ను కోడలు గంగారత్నానికిచ్చింది. ఇస్తూ ఒకే మాట చెప్పింది. "బిగువు తగ్గితే దాన్ని లేసనరే, వలంటారు. చేపలు పట్టుకోవాల్సిందే దాంతో!"

కోడలు ఆ మాట మనసులో పెట్టేసుకుంది. ఇరవై రెండేళ్లు అరుగు మీద కూర్చుని, మణికట్టు లోపలికి వంచి, నేనెక్కడ పారిపోతానో అన్నంత గట్టిగా నన్ను నొక్కిపట్టి అల్లింది. పిల్లలు పుట్టారు, పెద్దవాళ్లయ్యారు, పట్టు మాత్రం సడలలేదు. ఏ ఇంట్లో కొత్త పిల్ల అల్లిక మొదలుపెట్టినా "రత్నం చేతి బిగువు చూసి నేర్చుకో" అనేవారు. ఆ మాట విన్నరోజు ఆమె ఇంకాస్త గట్టిగా పట్టుకునేది.

కిందటేడు వానాకాలంలో మొదటిసారి జారిపడ్డాను. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు చీమలు పాకినట్టు తిమ్మిరెక్కాయి. చేయి విదిలిస్తే తగ్గింది, మళ్లీ మొదలైంది. నిద్రలోనూ లేచి విదిలిస్తోందని తోడికోడలు మంగతాయారు ఊరంతా చెప్పింది. ఇక వైద్యులకు కొదవేముంది? మంగతాయారు వాతం అంది, వంకాయ మానమంది. ఎదురింటాయన మెడ నరం అన్నాడు. సూదిమందు వేసే ఆయన నీరసం అని బలానికి రెండు పొడిచాడు. సుగరేమోనని ఒకరు భయపెట్టారు.

గంగారత్నం ఎవరి మాటా చెవిన పెట్టలేదు. ఆమెకు దొంగ అప్పటికే దొరికాడు. ఆ దొంగను నేనే.

"ఆచారి గారూ, సూది పట్టు తప్పుతుందండి. కొక్కెం అరిగినట్టుంది, కాస్త దిద్దండి."

ఆయన దిద్దారు. పది రోజులకు మళ్లీ తెచ్చింది, మళ్లీ దిద్దారు. జబ్బు చేతికి, ఆకురాయి నాకు. నోరు లేకపోవడం ఎంత నష్టమో ఆ నెలలో తెలిసింది. మూడోసారి ఆయన నన్ను వెలుగుకేసి పట్టి చూశారు.

"ఇందులో ఇంక రుద్దడానికేం లేదమ్మా. ఇప్పటికే ముల్లులా అయిపోయింది," అని తిరిగి ఆమె చేతిలో పెట్టారు.

ఆమె మెట్టు దిగింది. నేను జారి మట్టిలో పడ్డాను. ఆమె వేళ్లు మాత్రం నన్ను పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి.

"సూది పడిపోయిందమ్మా!" ఆచారి గారు కేకేశారు. "తెలీలేదా?"

ఆమె చేయి చూసుకుంది. ఆయన దగ్గరికొచ్చి చూశారు. "బొటనేలి కింద కండ చూడు, గుంట పడిపోయింది. సూదిదేం తప్పులేదు తల్లీ. పెద్దాసుపత్రికెళ్లు."

గంగారత్నం అక్కడే మెట్టు మీద కూలబడింది. "ఈ చెయ్యి పోతే నేనేం మిగుల్తానండీ?" అని ఏడ్చింది. మూడుసార్లు ఆకురాయి పెట్టించిన మనిషి మీద నాకు కోపం ఉండాలి. లేదు. భయమేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ "ఏం పని చేస్తారు?" అని అడిగింది.

"పనేం లేదండి. ఇంట్లో కూర్చుని లేసు అల్లుకుంటానండి."

ఇరవై రెండేళ్ల నా చాకిరీ ఒక్క ముక్కలో కొట్టుకుపోయింది. చేసి చూపించమంటే ఆమె కొప్పులోంచి నన్ను తీసి, మణికట్టు వంచి పట్టుకుంది. డాక్టరమ్మ ఆ మణికట్టు మీద వేలితో తట్టింది.

"అమ్మో! కరెంటు కొట్టినట్టుందండీ!"

మణికట్టులో ఇరుకుదారి ఉంటుందట, అందులోంచి వెళ్లే నరం నలుగుతోందట. చిటికెన వేలికి తిమ్మిరి లేకపోవడం కూడా ఒక గుర్తేనట. మెడవల్లా, సుగరువల్లా, విటమిను తగ్గినా తిమ్మిర్లొస్తాయని పరీక్షలన్నీ చేయించింది. థైరాయిడ్ తక్కువని తేలింది. అదీ కొంత కారణమేనట. కండ తగ్గింది కాబట్టి ఆలస్యం చేయొద్దంది. మాత్రలిచ్చారు, చిన్న ఆపరేషన్ చేశారు. స్పర్శ ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

మూడు నెలలు అల్లిక మానమన్నారు. ఆమెకు ఆపరేషన్ కంటే అదే కష్టమైంది. తర్వాత అల్లడానికి గుడ్డ చుట్టిన లావుపాటి కొత్త సూది తెచ్చుకుంది. నా కొక్కేనికి ఇక దారం నిలవదు. పారేస్తుందనుకున్నాను. పారేయలేదు. ప్రతి ఆదివారం నన్ను తీసి, కళ్లు మూసుకుని, నా మొనతో మూడు వేళ్ల కొసలూ ఒక్కొక్కటే పొడిచి చూసుకునేది. ఏమీ తెలిసేది కాదు. నన్ను మళ్లీ డబ్బాలో పెట్టేసేది. అలా తొమ్మిది ఆదివారాలు గడిచాయి.

పదో ఆదివారం నడిమివేలు పొడిచింది. చేయి చటుక్కున వెనక్కి లాక్కుంది. నన్ను చూసింది, వేలు చూసుకుంది, అదే చోట మళ్లీ పొడుచుకుంది. కళ్లనీళ్లు కారిపోతుంటే వీధిలోకి పరుగెత్తి, ఊరంతా వినిపించేలా అరిచింది.

"మంగా! నొప్పెడుతుందే! నొప్పెడుతుంది!"