చిట్టవ్వ తాగిన చాయ్

నేను ఒక స్టీలు డబ్బాను. పొడవాటి కర్ర చివర ఇనుప రింగుకు బిగించిన డబ్బాను. నగరంలో గుర్రప్పందేలు జరిగే మైదానం వెనకాల, పెద్ద గేటు పక్కన ఉన్న షెడ్డే నా ఇల్లు. పందెం గెలిచిన గుర్రం మెడలో దండ పడుతుంది, యజమాని చేతికి వెండి కప్పు వస్తుంది, పేపరు వాళ్లు ఫొటోలు తీస్తారు. ఆ హడావుడంతా అయ్యాక గుర్రాన్ని నా దగ్గరకు తెస్తారు. నేను దాని మూత్రం పట్టాలి. నవ్వకండి. ఆ వెండి కప్పు ఉంటుందో ఊడుతుందో తేల్చేది నాలో పడే ఆ కాసిన్ని చుక్కలే.

వెల్డింగ్ షాపులో నన్ను తయారుచేసినాయన "ఇది దేనికన్నా?" అని అడిగి, జవాబు విని, సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నాడు. నాకప్పుడు చిన్నతనంగా అనిపించింది. ఒక మగ గుర్రాన్ని చూశాక ఆ చిన్నతనం పోయింది. పందెం అయ్యాక దాన్ని నా షెడ్డుకు తెచ్చారు. ఒళ్లంతా చెమట, కళ్లు ఇంతింత, గుండె దడ పక్కటెముకల మీదే కనిపిస్తోంది. ముందరి కాలి ఎముక చిట్లింది, అయినా ఇంకా పరుగెత్తుతానని గింజుకుంటోంది. ఎవరో ఉత్తేజపు మందు ఎక్కించారు. ఇక ఆగమని ఒంటికి చెప్పేది అలసటా నొప్పీ కదా, మందు వాటి నోరు నొక్కేస్తుంది. మర్నాటికి ఆ గుర్రం లేదు. అప్పట్నుంచి నా పనంటే నాకు గౌరవం.

అడగ్గానే ఏ గుర్రమూ మూత్రం పోయదు. సైసు, అంటే దాన్ని సాకే మనిషి, పక్కన నిలబడి సన్నగా ఈల వేయాలి. ఈల వేసీ వేసీ పెదాలు ఎండిపోయిన వాళ్లను చాలామందిని చూశాను. మల్కయ్యకు ఆ బాధ లేదు. అతను సాకే ఆడ గుర్రానికి పందెం పుస్తకంలో గోల్డెన్ ఏరో అని పేరు. యజమాని ఎక్కణ్నుంచి పట్టుకొచ్చాడో! మల్కయ్య మాత్రం చిట్టవ్వ అనేవాడు. భార్య పోయిన మనిషి, పిల్లల్లేరు, గుర్రం పక్కనే గడ్డి మీద పడక. అతను ఒక్క ఈల వేస్తే చాలు, చిట్టవ్వ బుద్ధిగా నా పని కానిచ్చేది.

ఆ చలికాలం చిట్టవ్వ పెద్ద పందెం గెలిచింది. మల్కయ్య మురిసిపోతూ తెచ్చాడు, ఈల వేశాడు, నేను పట్టాను. నాలోంచి సీసాలోకి పోసి, దానికి సీలు వేసి ల్యాబుకు పంపారు. కొన్నాళ్లకు ల్యాబు నుంచి కబురొచ్చింది. అందులో కెఫీన్ ఉందట.

పరీక్షలు చేసే డాక్టర్ వసుంధర మల్కయ్యను షెడ్డుకు పిలిపించింది.

"మల్కన్నా, నిజం చెప్పు. దానికి ఏం పెట్టినవ్?"

"ఏం పెట్టలే డాక్టరమ్మా. దాణ, గడ్డి."

"చాయ్?"

మల్కయ్య ముఖం వెలిగింది. "చాయ్ అయితే రోజూ! నా గిలాసల సగం దానిదే. అది మూతి పెట్టకుంటే నాకు గొంతు దిగదు. పందెం నాడు పొద్దుగాల చలికి వణుకుతుందని మొత్తం దానికే తాపిన."

ఆమె తల పట్టుకుంది. చాయ్‌లో ఉండేదీ గుండెను తరిమే ఆ మందుల జాతిదేనని నెమ్మదిగా చెప్పింది. అతనికి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

"అంటే... నేనే దానికి మందు పెట్టిననా?" అన్నాడు.

డాక్టరమ్మ పందేలు నడిపే పెద్దల ముందు అతని కోసం గట్టిగానే వాదించిందట. కానీ ఎవరు ప్రేమతో తాపారో, ఎవరు ఆశతో ఎక్కించారో సీసాకు తెలియదు. కప్పు వెనక్కి పోయింది. మల్కయ్య పాసు లాక్కుని, ఏడాది దాకా గేటు లోపల కాలు పెట్టొద్దన్నారు. ఆ రూలు లేకపోతే ఎన్ని గుర్రాలు కూలిపోతాయో నాకు తెలుసు. అయినా ఆ రోజు నన్ను కడిగి బోర్లించినప్పుడు నాకు ఏడుపొచ్చింది. డబ్బాకు ఏడుపేమిటని మీరనుకుంటే అనుకోండి.

మల్కయ్య ఎక్కడికీ పోలేదు. రోజూ వచ్చి గేటు బయట నిలబడేవాడు. "ఏడాదెంత, ఇట్ల పోతది" అని వాచ్‌మన్‌తో చెప్పేవాడు. లోపల చిట్టవ్వ దాణా సరిగా ముట్టలేదు, కొత్త సైసును దగ్గరకు రానివ్వలేదు, పరుగూ మందగించింది. పరువు తీసిన గుర్రం నాకెందుకని యజమాని దాన్ని ఎక్కడో దూరపు ఊరికి అమ్మేశాడు.

లారీ వచ్చింది. చిట్టవ్వ ఎక్కనంది. నలుగురు ముందు నుంచి లాగారు, వెనక నుంచి నెట్టారు, ఒకడు కర్ర కూడా ఎత్తాడు. అది కాళ్లు బిగబట్టి నిలబడిపోయింది. చివరికి ఎవరో అన్నారు, "ఆ మల్కయ్యను పిలువుండ్రి."

గేటు తెరిచారు. తన శిక్ష తీసేశారనుకుని పరుగున వచ్చాడు పాపం. లారీని చూసి ఆగిపోయాడు. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ డాక్టరమ్మ ముఖంలోకి చూశాడు, ఆమె చూపు తిప్పుకుంది.

"కొట్టకుండ్రి దాన్ని. నేనెక్కిస్త" అన్నాడు.

తాడు కూడా పట్టుకోలేదు. మెడ మీద చెయ్యి వేసి, చెక్క పలక మీదుగా లారీలోకి నడిచాడు. చిట్టవ్వ అతని భుజానికి మూతి ఆనించి వెంటే ఎక్కేసింది. అతనూ తనతో వస్తున్నాడనుకుంది.

మల్కయ్య పక్కనుంచి దిగాడు, తలుపు వేశారు. లోపల డెక్కల చప్పుడు మొదలైంది. అతను లారీ చెక్కకు చెంప ఆనించి, "ఈడనే ఉన్న బిడ్డా, ఈడనే ఉన్న" అన్నాడు. లారీ కదిలింది. గేటు దాటేదాకా దాని పక్కనే పరుగెత్తుతూ అదే మాట అంటూనే ఉన్నాడు.