మేనకోడల్ని మేడం అన్నందుకు

మా అక్క కూతురు జెనిఫర్‌కి మున్సిపల్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఇంకా ప్రొబేషనే. చేరిన కొత్తలోనే ఇంటికొచ్చి మరీ చెప్పింది.

"మావయ్యా, మా ఆఫీసు పనికి నా చుట్టాలెవరైనా కొటేషన్ వేస్తే ముందే పైవాళ్ళకి చెప్పాలి. ఆ ఫైలు నేను ముట్టుకోకూడదు. దాచానని తేలిందా, నా ఉద్యోగం పోద్ది."

"నీ ఉద్యోగం జోలికి నేనెందుకొస్తానే!" అన్నాను.

అన్నాను గానీ, చిలకలపూడిలో మన ఎబెనెజర్ టెంట్ హౌస్‌ని మించింది ఉందేంటండీ? సభలకి షామియానాలు, కుర్చీలు కావాలని ఆఫీసోళ్ళు కొటేషన్లు పిలిస్తే ఊరుకుంటానా? సీలు కవరు తీసుకెళ్ళి వాళ్ళ డబ్బాలో పడేశాను. పిల్లకి చెప్పలేదు. చెబితే వద్దంటది. ఆర్డరొచ్చాక చెప్పి, కాసేపు ఏడిపిద్దామనుకున్నాను.

కవర్లు తెరిచే రోజు వెళ్దును కదా, డబ్బా ముందు కూర్చున్నది మా జెనిఫరే! నన్ను చూసి దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

సరే, ఎరగనట్టుంటే పోలా అనుకున్నాను. గుమ్మం దగ్గర అటెండరు యలమందని "ఏం బావా" అన్నాను. కమిషనర్ రాజ్యలక్ష్మి గారిని "బాగున్నారా అక్కయ్యగారూ" అన్నాను. ఆవిడకి అలవాటే, నవ్వారు. జెనిఫర్ దగ్గరికొచ్చేసరికి రెండు చేతులూ జోడించి వంగి, "నమస్కారం మేడం గారూ" అన్నాను.

గుడివాడ నుంచి శ్యాంబాబు కూడా కవరు వేశాడు. నాకు పోటీ టెంట్ హౌస్ వాడు, నాలాంటోడే. పక్కకి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంటి సామ్యేలూ, ఒంట్లో బాలేదా? కమిషనర్ గారిని కూడా వరస కలిపి పిలిచేవోడివి, ఈ చిన్నపిల్లని మేడం గారంటావేంటి? నిజం చెప్పు, నీకేమవుద్ది?"

గదిలో అందరూ నావైపే. నోట్లో జోకు రెడీగా ఉంది. ఏదో ఒకటి వాగి నవ్వించేసేవాణ్ణే. ఈలోపు కుర్చీ జరిగిన చప్పుడు. జెనిఫర్ లేచి నిలబడింది.

"మేడం, ఆయన మా సొంత మేనమామ. కవరు వేసినట్టు నాకిప్పటిదాకా తెలీదు. ఈ పనిలో నేనుండకూడదు."

డబ్బా తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికెళ్ళిపోయింది. నా జోకు గొంతులోనే చచ్చింది.

కమిషనర్ గారు నావైపు తిరిగారు. "ఆ ముక్క మీరెందుకు చెప్పలేదు సామ్యేలు గారూ?"

"తప్పు పిల్లది కాదండీ, నాదే. ఇప్పుడు చెప్తాను" అని లేచాను. మా చర్చిలో పెళ్ళికి ముందు ఆదివారం ఆదివారం ప్రకటన చదువుతారు, అభ్యంతరముంటే చెప్పమని. ఆ పాస్టరు గారి గొంతే పెట్టాను. "సామ్యేలు అనబడే నేను, జెనిఫర్ అనబడే ఆ అమ్మాయికి స్వయానా మేనమామనని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పవలెను!"

యలమంద పగలబడి నవ్వాడు. కమిషనర్ గారు నవ్వు ఆపుకుని శ్యాంబాబుని చూశారు. "ఏవండీ, మీకేమైనా అభ్యంతరమా?"

"ఆ అమ్మాయి ముట్టుకోకపోతే నాకేంటండీ? రేటులో ఎలాగూ నేనే గెలుస్తా" అన్నాడు.

కమిషనర్ గారు జరిగింది రాయించి, మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, ఇంకో గుమాస్తా చేత డబ్బా తెరిపించారు. తక్కువ రేటు నాదే! శ్యాంబాబు మొహం చూడాలి.

బయట వరండాలో జెనిఫర్ నిలబడుంది. "నీ ఉద్యోగానికేం ఢోకా లేదంట కోడలా, ముందే లేచి చెప్పావుగా. ఆర్డరు కూడా మనకే!" అన్నాను.

"మనకి కాదు, నీకు" అంది. "బిల్లు ఎప్పుడొస్తదని నన్నడిగావో, చూడు."

ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికే భోజనానికొచ్చింది. రొయ్యల వేపుడు గిన్నె అందుకోబోతుంటే ఆపాను.

"ఆగమ్మా. కాంట్రాక్టరు ఇంట్లో తినొచ్చో లేదో రూల్ కనుక్కున్నావా?"

నిజంగానే చెయ్యి వెనక్కి తీసుకుంది, పిచ్చిపిల్ల. మా ఆవిడ గరిటెతో నా వీపు మీద ఒక్కటిచ్చింది.